పాత పెట్టెకు దుబాసీ

టీకొట్టు గోమతి ఇచ్చే ప్రతి గ్లాసులోనూ చక్కెరతోపాటు ఒక మాట కూడా కలుస్తుంది. ఆ వారం ఆమె కలిపిన మాట ఏమంటే, అచ్చాఫీసు మేడమీది పాత కంప్యూటరు పెట్టె దానంతట అది చావలేదట, దాని దగ్గర పనిచేసే మారిక్కనియే చంపిందట. కొత్తవాళ్ళ చేతికి పోకుండా తానే దాని గొంతు నులిమి, ఇప్పుడు ప్రాణం పోసేదాన్ని కూడా నేనే అని, అందరూ ముదలాళి అనే యజమాని ముందు కొంగు బిగించిందట. గోమతికి ఈ సంగతి చెప్పింది కాగితం కోసే పేచ్చిముత్తు పెళ్ళాం. ఆవిడకు ఎవరు చెప్పారో ఆవిడకే గుర్తులేదు. సోమవారం పొద్దున మెట్లెక్కబోతున్న మారిక్కనిని ఆపి, బైండింగు కొట్టం మేస్త్రీ సంగిలియమ్మ ఇదంతా పూసగుచ్చినట్టు చెప్పింది. చెప్పి, నేను మాత్రం నమ్మలేదులే అని కూడా అంది. నమ్మని మాటను అంత వివరంగా ఎందుకు గుర్తుపెట్టుకుందో మారిక్కని అడగలేదు.

"నమ్మినా ఫరవాలేదు వదినా," అంది. "నాకు చంపడమే చేతనైతే ముందుగా పెట్టె దగ్గరికి పోను."

సంగిలియమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. మారిక్కని మెట్లెక్కింది.

శివకాశిలో తమిళుల ఆడి నెల పద్దెనిమిదో నాడు, వచ్చే సంవత్సరపు క్యాలెండర్ల నమూనాల ఆల్బం దేవుడి పటం ముందు పెట్టి విడుదల చేయాలి. ఆ రోజు ఆల్బం లేని అచ్చాఫీసు ముదలాళి, తాళి ఇంట్లో మరిచి పందిట్లోకొచ్చిన పెళ్ళికొడుకుతో సమానం. ఆర్డర్లిచ్చే ఏజెంట్లు ముఖం మీదే నవ్వి పక్కవీధికి పోతారు. షణ్ముగరాజ్ ముదలాళికి పేరు తెచ్చినవి బొమ్మలు కావు. మురుగన్ బొమ్మ, లక్ష్మి బొమ్మ అందరూ వేస్తారు. ఆయన పేరు నిలబడింది రోజుచీటీల మీద. రోజుకొకటి చింపే ఆ చిన్న కాగితం మీద తిథి, నక్షత్రం, రాహుకాలం, కింద ఒక సామెత, అన్నిటికీ పైన ఆ ఊరి సూర్యోదయం. కన్యాకుమారి జవుళికొట్టు క్యాలెండరుకు కన్యాకుమారి సూర్యోదయం, కోయంబత్తూరు నగలకొట్టుకు కోయంబత్తూరు సూర్యోదయం. పక్క అచ్చాఫీసుల్లో అన్ని ఊళ్ళకూ కలిపి ఒకే సూర్యుడు, అదీ మద్రాసు సూర్యుడు.

ఆ మూడు వందల అరవై అయిదు చీటీలను లెక్కగట్టి పేజీలుగా పేర్చే ప్రోగ్రాం రాసినవాడు ఆరుముగసామి. మేడమీది గదిలో పదిహేడేళ్ళు కూర్చుని, మూడేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం భోజనం చేసి పడుకుని లేవలేదు. ఆయన ప్రోగ్రాం రాసిన భాష పెర్ల్. ఆ భాష పెట్టెకు నేరుగా తెలియదు. మధ్యన ఒకడుండి, ఒక్కొక్క వాక్యమే చదివి పెట్టెకు దాని భాషలో చెప్పి పని చేయించాలి. ఆరుముగసామి వాణ్ణి దుబాసీ అనేవాడు కాబట్టి మారిక్కనికీ వాడు దుబాసీయే.

వేసవి ఎండకు పెట్టెలో డిస్కు కాలిపోయింది. ఇంత పాత పెట్టెకు సరిపోయే డిస్కు వెతికి తెచ్చేసరికి ఆడి నెల దగ్గరపడింది. పెట్టెతోపాటు వచ్చిన సీడీతో అంతా మళ్ళీ ఎక్కించారు గానీ, ఆ సీడీలో ఉన్న దుబాసీ మరీ ముసలివాడు. ఆరుముగసామి వాక్యాల్లో సగం వాడికి తలకెక్కలేదు. కొత్తవాణ్ణి తెచ్చుకుందామంటే ఇంత పాత పెట్టెకు తగిన దుబాసీని తయారుచేసి పంచేవాళ్ళు లోకంలో ఎవరూ మిగల్లేదు. బజార్లో బియ్యం దొరకనినాడు వడ్లు తెచ్చి ఇంట్లో దంచుకోవలసిందే. వడ్లున్నాయి: దుబాసీ సోర్సు కోడంతా ఆరుముగసామి దాచిన ఒక సీడీలో ఉంది. దంచడమంటే దాన్ని ఈ పెట్టెలోనే కంపైల్ చేసి, పెట్టెకు అర్థమయ్యే రూపంలోకి తేవడం. ఎలా దంచాలో ఆయన నీలం అట్ట నోటుబుక్కులో రాసి, మారిక్కని చేతికిచ్చి పోయాడు. ఈ తతంగమంతా వేరే కొత్త కంప్యూటరులో చేసుకోవచ్చు కదా అని ముదలాళి అడగకపోలేదు. పేజీలు కట్టే సాఫ్టువేరూ, ఆ పాత తమిళ అక్షరాలూ ఈ పెట్టె గడప దాటితే బతకవని ఆమె చెప్పింది.

ముదలాళి ఎక్కువ మాట్లాడే మనిషి కాడు. "ఆదివారం ఆడి పద్దెనిమిది," అన్నాడు. "శనివారానికి చీటీలు నా బల్లమీద ఉంటే ఆ గది నీది. లేకపోతే పెట్టె పాత ఇనుముకి, నువ్వు కిందికి."

కింద అంటే బైండింగు కొట్టం. పంతొమ్మిదేళ్ళప్పుడు మారిక్కని అక్కడే చేరింది. క్యాలెండరు తలకు రేకుపట్టీ తొడిగి నొక్కే పని. రేకు వేళ్ళను కోస్తుంది. కోసిన చోటే మళ్ళీ కోస్తుంది. ఎనిమిదేళ్ళు ఆ పని చేశాక ఆరుముగసామి ఒకరోజు కిందికి వచ్చి, చీటీల్లో తప్పు పట్టినది ఎవరని అడిగి, ఆమెను పైకి తీసుకుపోయాడు. ఇప్పటికీ ఆమె కుడిచేతి వేళ్ళు మూడు కీబోర్డు మీద పూర్తిగా వంగవు. కిందివాళ్ళు ఆమె పైకి పోయిన సంగతి క్షమించలేదు. తిరిగి దిగి వస్తుందంటే సంగిలియమ్మ అప్పుడే ఆమెకొక పీట కూడా చూసిపెట్టిందని పేచ్చిముత్తు అన్నాడు.

గదిలో ఆమె ఒక్కతే అయితే సగం బాధ తప్పేది. కిందటి వారమే ముదలాళి మదురై నుంచి కదిరేశన్‌ను తెచ్చి పక్కబల్ల దగ్గర కూర్చోబెట్టాడు. ముప్పై ఏళ్ళవాడు, ఇస్త్రీ చొక్కా, కొత్త కంప్యూటరు. దేవుళ్ళ బొమ్మల రంగులు దిద్దడం అతని పని. మారిక్కని ఓడిపోతే రోజుచీటీలు కూడా అతని సాఫ్టువేరులోనే. అందులో సూర్యోదయం ఎలా వస్తుందని ఆమె మొదటిరోజే అడిగింది. మద్రాసుది వేస్తే చాలదా అక్కా, చీటీలో చూసి ఎవడైనా సూర్యుణ్ణి లేపుతాడా అన్నాడతను. అప్పటినుంచే ఆమెకు అతను పడలేదు. అతనికి ఆమె అంతకుముందే పడలేదు.

సోమవారం ఆమె నోటుబుక్కు తెరిచి పని మొదలుపెట్టింది. దంచే ముందు సోర్సు కోడే మనిషిని ప్రశ్నలడుగుతుంది: ఈ పెట్టె ఏ జాతిది, అక్షరాలెక్కడున్నాయి, దుబాసీని ఎక్కడ కూర్చోబెట్టాలి, అలా వంద దాకా. పెళ్ళిచూపులకొచ్చిన మేనత్తలు కూడా అన్ని అడగరు. ఆరుముగసామి ప్రతి ప్రశ్నకూ జవాబు రాసిపెట్టాడు గానీ, మధ్యలో రెండు పేజీలు ఎప్పుడో బంక ఒలికి అతుక్కుపోయాయి. అక్కడ మారిక్కని తన బుద్ధికి తోచినట్టు చెప్పింది. చెబుతుండగానే మెట్లమీద చప్పుడైంది. పాత ఇనుము కొనే సీనిరాజ్ భుజాన కాటా వేసుకుని పైకొచ్చాడు. రమ్మన్నది కదిరేశన్.

సీనిరాజ్ మొహమాటస్థుడు. అక్క కాస్త జరిగితే పెట్టె బరువు చూసుకుని పోతానని, తీసుకుపోవడం శనివారమేనని, ఇవాళ తూకం మాత్రమేనని నసిగాడు. మారిక్కని జరగలేదు. ఎనభై రెండో ప్రశ్నకు జవాబు నొక్కి, అప్పుడు తలతిప్పింది.

"దీన్ని తర్వాత తూచుదువులే. పక్కబల్ల దగ్గర మదురై సరుకొకటి దిగింది, ముందు దాన్ని తూచు. బరువేమీ ఉండదు, మోత మాత్రం బాగా ఉంటుంది."

కదిరేశన్ కుర్చీలోంచి లేవకుండానే నవ్వాడు. "మోగేదాంట్లో ప్రాణం ఉన్నట్టు అక్కా. నీది మూడు నెలలుగా పలకదు, ఉలకదు. శవానికి జాగారం చేస్తున్నావు. వాసన రాకముందే ఎత్తించెయ్యి."

"వాసన నువ్వొచ్చినప్పటినుంచీ ఉంది, తమ్ముడూ."

సీనిరాజ్ కాటా సర్దుకుని దిగిపోయాడు. ఆ మాటతో మారిక్కనికీ కదిరేశన్‌కూ మధ్య మాటలు తెగిపోయాయి. గదిలో ఒక్కటే ఫ్యాను. అతను దాన్ని తన వైపు తిప్పుకుంటే, ఆమె టిఫిను తెచ్చిన సంచి దారం విప్పి ఫ్యాను మెడను తన వైపు కట్టేసింది. అతను మధ్యాహ్నం దారం కోసేశాడు. సాయంత్రానికి ఆమె ప్రశ్నలన్నీ ముగించి, జవాబులన్నీ పెట్టెలో దాచి, దంపుడు రేపు పెడదామని తలుపు దగ్గరికి వేసి ఇంటికి పోయింది.

మంగళవారం ఆమె వచ్చేసరికి కదిరేశన్ ఆమె కుర్చీలో ఉన్నాడు. పాత పెట్టెలో ఉన్న బొమ్మల్ని వైరు పెట్టి తన కంప్యూటరులోకి లాక్కుంటున్నాడు. ఆ పని చేసుకొమ్మని ముదలాళే చెప్పాడు గనుక ఆమె పక్కన ఆగింది. అతను లేచాక మౌసును కొంగుతో తుడిచి కూర్చుంది. దంచమని ఆజ్ఞ ఇచ్చింది. ఆ ఆజ్ఞ పేరు మేక్. ఏ ముక్క తర్వాత ఏ ముక్క దంచాలో రాసిపెట్టిన పట్టీ ఒకటుంటుంది, దాన్ని చూసుకుంటూ పెట్టె తన పని తాను చేసుకుపోవాలి.

పెట్టె కాసేపు గురగురలాడింది. తర్వాత తెరమీద మూడు వరుసలు పడ్డాయి. పట్టీ పాతబడిందట. కొత్త పట్టీ రాసుకుందట. ఆజ్ఞ మళ్ళీ ఇమ్మంటోంది.

మళ్ళీ ఇచ్చింది. పట్టీ పాతబడింది, కొత్తది రాశాను, ఆజ్ఞ మళ్ళీ ఇవ్వండి.

మళ్ళీ ఇచ్చింది.

మంగళవారమంతా అదే. మొదట్లో ఆమె ఓపికగా నొక్కింది, ఎందుకంటే పెట్టె తప్పు అనడం లేదు, మర్యాదగా మళ్ళీ అంటోంది. మర్యాదగా మళ్ళీ మళ్ళీ అనేవాళ్ళ చుట్టూ మనుషులు ఏళ్ళ తరబడి తిరుగుతారు, తాలూకాఫీసులో చూడండి. ముప్పైసార్లు నొక్కాక ఆమెకు చెమటలు పట్టాయి. ఇప్పుడు పుట్టించిన పట్టీ మరుక్షణంలో పాతదెలా అవుతుంది? అన్నం వార్చి గిన్నె దించేలోగా పాచిపోతుందా? నోటుబుక్కులో ఈ సంగతి లేదు. లేక ఆ అతుక్కుపోయిన పేజీల్లో ఉందేమో. వెనకనుంచి కదిరేశన్ సెల్‌ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతూ, ఇక్కడ ఒకావిడ రుబ్బురోలు తిప్పుతోంది, పిండి మాత్రం వేయలేదు అని నవ్వడం ఆమెకు వినిపించింది.

బుధవారం ఆమె అతుక్కున్న పేజీల్ని ఆవిరి పట్టి విడదీయాలని గోమతి కొట్టుకు తీసుకుపోయింది. కొట్టు ముందు బైండింగువాళ్ళు నలుగురున్నారు. ఆమెను చూడగానే మాట ఆగిపోయింది. గోమతి కెటిల్ ముక్కు దగ్గర ఆ పుస్తకం పట్టుకుని, ఇదేం మంత్రాల పుస్తకమా అంది. పేజీలు విడివడ్డాయి గానీ, అక్షరాలు బంకతోపాటే లేచిపోయాయి. ఒక్క వాక్యం సగం మిగిలింది: జవాబులు చెప్పాక వాటిని తుడపవద్దు. అందువల్ల ఆమె తుడపలేదు. తుడిచి మొదటినుంచీ చెప్పి ఉంటే బుధవారమే దంపుడు మొదలయ్యేదని తర్వాత తెలిసింది గానీ, గురువాక్యం సగం దొరికినా పూర్తిగా నమ్మే మనిషి ఆమె.

పైకి తిరిగొచ్చేసరికి ముదలాళి గదిలో నిలబడి ఉన్నాడు. తెరమీద మూడు వరుసలూ చదువుతున్నాడు. ఏమిటిది అన్నాడు. పట్టీ పాతబడిందంటోంది అని ఆమె చెప్పింది. కదిరేశన్ అడగకుండానే అందుకుని, పాతబడింది పట్టీ ఒక్కటే కాదని మాత్రం అన్నాడు. ముదలాళి నవ్వలేదు, కోప్పడలేదు. ఆయన గోమతి టీ తాగేవాడే. ఆమె ముఖంలోకి కాసేపు చూసి, "ఏమ్మా, ఊళ్ళోవాళ్ళు ఏదో అంటున్నారు. పెట్టెను నువ్వే ఏమైనా చేశావా?" అని అడిగాడు.

ఇరవై ఏళ్ళలో ఆయన ఆమెను అనుమానించి అడిగిన మొదటి ప్రశ్న అది. ఆమె తెర వైపు తిరిగి మేక్ అని ఇంకోసారి నొక్కింది. ఆయన దానికి తన అర్థం తీసుకుని మెట్లు దిగాడు. ఆ సాయంత్రం సంగిలియమ్మ కింద ఒక పీట కడిగి ఎండబెట్టింది.

గురువారం ఆమె నొక్కడం మానేసింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని తెర వైపు చూస్తూ కూర్చుంది. వెళ్ళిపోయేవాళ్ళు గదిని చూసినట్టు చూసింది. గోడకు ఆరుముగసామి రోజుల్నాటి క్యాలెండరు. తెర పైఅంచున కుడిమూల ఎప్పుడూ ఉండే చిన్న గడియారం. అందులో వారం, గంట మాత్రమే కనిపిస్తాయి. గురువారం, పదకొండూ ఇరవై. ఆమె చేతి గడియారంలోనూ పదకొండూ ఇరవై. ఇవాళ గురువారమే. అంతా సరిగ్గా ఉంది.

సరిగ్గా ఉండడమే ఆమెకు కంట్లో నలుసులా తగిలింది.

ఆడి పుట్టగానే ఈ అచ్చాఫీసులో సంవత్సరం మారుతుంది. ఊరంతా ఈ ఏడాదిలో ఉంటే, క్యాలెండరువాళ్ళు వచ్చే ఏడాదిలో ఉంటారు. మాటల్లోనూ అంతే, తైపొంగల్ ఎప్పుడని అడిగితే ముందు వచ్చేది కాక ఆ తర్వాతది చెబుతారు. ఆరుముగసామి ప్రోగ్రాం సంవత్సరాన్ని పెట్టె గడియారం చూసే తెలుసుకుంటుంది. అందుకని ఆడి ఒకటో తేదీన పెట్టె గడియారాన్ని సరిగ్గా ఒక ఏడాది ముందుకు జరపడం ఆయన పెట్టిన ఆచారం. ఆల్బం దేవుడి ముందు పెట్టాకే వెనక్కి తిప్పాలి. ఈసారి కూడా మారిక్కని పొద్దున్నే స్నానం చేసి వచ్చి ఆ పని చేసింది. ఏడాది జరిగితే అదే తేదీకి వారం పేరు ఒక రోజు, లీపు సంవత్సరమైతే రెండు రోజులు, ముందుకు జరుగుతుంది. ఆ సంగతి చీటీలు పేర్చేవాళ్ళకు నిద్రలో కూడా తెలుసు. అంటే ఈ ఆడి నెలలో ఈ మూల ఒక రోజు ముందుండాలి. ఇవాళ శుక్రవారం చూపించాలి.

గురువారం చూపిస్తోంది. ఎవరో సరిచేశారు.

ఎవరో అని వెతకనక్కరలేదు. మంగళవారం పొద్దున ఆ కుర్చీలో కూర్చున్నది ఎవరో ఆమెకు తెలుసు. ఆమె జవాబులు దాచిన ఫైలు తేదీ చూసింది: వచ్చే సంవత్సరం జూలై ఇరవై ఎనిమిది. పట్టీ తేదీ చూసింది: ఈ సంవత్సరం, ఇందాకటిది. పెట్టె ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసి, పట్టీ పాతదంటోంది. ఎందుకనదు? వచ్చే ఏడాది వండబోయే అన్నం పక్కన పెడితే ఇవాళ్టి అన్నం ఎంత వేడిగా ఉన్నా పాచిదే. ఎన్నిసార్లు కొత్తగా వార్చినా పాచిదే.

ఆమె గొంతులోకి ఒక తిట్టు వచ్చింది. అతన్ని తిట్టడానికి మాట్లాడాలి, మాట్లాడటం లేదు గనక మింగేసింది. మింగినప్పుడు ఇంకొకటి కూడా లోపలికి దిగింది. సోమవారం తాను నోరు మూసుకోకపోతే అతను గడియారం ముట్టేముందు ఒక మాట అడిగేవాడేమో. అడిగేవాడు కాడులే అని తనకు తాను చెప్పుకుంది. గడియారాన్ని ఏడాది ముందుకు తిప్పింది. మూలన శుక్రవారం వచ్చింది. మేక్ అని నొక్కింది.

పట్టీ పాతబడిందంది, కొత్తది రాసుకుంది. ఇంకోసారి నొక్కింది. ఈసారి పెట్టె మళ్ళీ అనలేదు. తెరమీద వరుస తర్వాత వరుస, చీమల బారులా పైకి పాకడం మొదలైంది. లోపలి ఫ్యాను పెద్దగా రొద చేసింది. కదిరేశన్ తల తిప్పి చూశాడు. సంగతేమిటో ఆమె చెప్పలేదు. గెలిచే ఆటలో ముక్కలు చూపించేంత మంచిది కాదు ఆమె. మూడు గంటలకు కరెంటు పోయింది. బ్యాటరీ పావుగంట ఈడ్చి చేతులెత్తేసింది. ఫరవాలేదు, దంచినంత దంచి ఉంటుంది, మిగిలింది పొద్దున దంచుకోవచ్చు.

శుక్రవారం ఏడింటికే వచ్చి మళ్ళీ మేక్ నొక్కి కూర్చుంది. పెట్టె పాత ఇనుములా వేడెక్కి పనిచేస్తోంది. తొమ్మిదిన్నరకు కదిరేశన్ వైరు పట్టుకుని వచ్చాడు. మిగిలిన బొమ్మలు లాక్కోవాలి. మౌసు కోసం చెయ్యి చాపాడు. ఆమె కాగితాలు గీసే ఇనప స్కేలు తీసి అతని చేతికీ మౌసుకూ మధ్య బల్లమీద అడ్డంగా పెట్టింది.

నాలుగు రోజుల తర్వాత అతను నోరు తెరిచాడు. "ఇవి ముదలాళి బొమ్మలు. నీ అత్తగారి సొత్తు కాదు. జరుగు."

"దంపుడు నడుస్తోంది. ముట్టుకుంటే చెయ్యి రోట్లో ఉంటుంది."

అతను తెర మూలకు చూశాడు, అక్కడ మళ్ళీ ఒక రోజు ముందుంది. ముఖం ఎర్రబడింది. నేరుగా మెట్లు దిగి ముదలాళిని వెంటబెట్టుకుని వచ్చాడు. వెనకాలే సంగిలియమ్మ కూడా, ఎవరూ పిలవకుండానే, నాలుగో మెట్టు దాకా వచ్చి నిలబడింది.

కదిరేశన్ చెప్పింది ఇది. పెట్టెలో తేదీ ఏడాది తప్పు. మొదటిసారి బొమ్మలు లాగినప్పుడు తన కంప్యూటరు ఇవి ఇంకా పుట్టని ఫైళ్ళని మొరాయించింది. చదువులేని పని చూసి, మంగళవారం తానే సరిచేశాడు. ఈమె మళ్ళీ కావాలని తప్పు చేసిపెట్టింది. బొమ్మలు చెడగొట్టడానికే. ఊరు ఊరికే అనదు.

ముదలాళి అతని వైపు తిరిగాడు. "మంగళవారం గడియారం తిప్పింది నువ్వా?"

"సరిచేశాను."

"ఆడి నెలలో మా పెట్టె గడియారం ముట్టుకున్నావా?"

కదిరేశన్‌కు అందులో తప్పేముందో తెలియలేదు. ఈ వారమంతా అతనికి చెప్పేవాళ్ళెవరూ లేకపోయారు, గదిలో ఉన్న ఒక్క మనిషీ ఫ్యానుకు దారం కట్టే పనిలో ఉండిపోయింది. ముదలాళే ఆచారం సంగతి రెండు ముక్కల్లో చెప్పాడు. మారిక్కని రెండు ఫైళ్ళ తేదీలూ తెరమీద పక్కపక్కన పెట్టి చూపించింది. ఆయన కళ్ళద్దాలు పైకెత్తి రెండుసార్లు చదివాడు.

"లోకమంతా ఒక ఏడాదిలో బతుకుతుంటే, మీరిద్దరూ ఒకే గదిలో రెండేళ్ళలో కూర్చున్నారన్నమాట," అన్నాడు. "అది ఒకరికొకరు చెప్పుకోలేదు."

"నన్ను అడగలేదు," అంది మారిక్కని.

"నాకు చెప్పలేదు," అన్నాడు కదిరేశన్. "తప్పు తేదీని దిద్దినవాడిది నేరమా? పెట్టుకున్నవాళ్ళది కాదా?"

అది అడగవలసిన ప్రశ్నే. ముదలాళి మధ్యాహ్నం దాకా ఆ పెట్టెను ఎవరూ ముట్టుకోవద్దని మాత్రం చెప్పి దిగిపోయాడు. నాలుగో మెట్టు మీద సంగిలియమ్మ ఆయనకు దారి ఇచ్చి, తనకు తెలిసిన మాటలో ఎంత భాగాన్ని ఇప్పుడు మార్చుకోవాలో లెక్కవేసుకుంటూ తానూ దిగింది.

పన్నెండుంబావుకు చీమల బారు ఆగింది. మారిక్కని దుబాసీని పేరుపెట్టి పిలిచి, నీ వయసెంత అని అడిగింది. పలికాడు. ఆరుముగసామి ప్రోగ్రామును వాడి ముందు పెట్టింది. కాసేపటికి కన్యాకుమారి జనవరి ఒకటో తేదీ తెరమీద లేచి నిలబడింది. ఆమె కళ్ళు తుడుచుకోలేదు; తుడుచుకుంటే పక్కబల్లవాడు చూస్తాడు.

శనివారం పదకొండింటికి చీటీలు ముదలాళి బల్లమీద ఉన్నాయి. నాలుగు ఊళ్ళవి, నాలుగు కట్టలు. ఆయన ముందుగా తన పుట్టినరోజు చీటీ లాగి చూశాడు, తర్వాత కూతురిది. కోయంబత్తూరు కట్టలో ఒకటి, కన్యాకుమారి కట్టలో అదే తేదీది ఒకటి తీసి, రెండు సూర్యోదయాల మధ్య తేడా వేళ్ళమీద లెక్కగట్టాడు. తృప్తిగా తలాడించాడు. గుమ్మం దగ్గర కదిరేశన్ నిలబడి ఉన్నాడు. ముదలాళే అతన్ని రమ్మన్నాడు.

"బాగుంది," అన్నాడు ముదలాళి. "గండం గడిచింది. ఇక ఆ నోటుబుక్కు ఇతనికి ఇవ్వు. పేజీలు ఫోటో తీసుకుంటాడు. గడియారం సంగతి కూడా రాసివ్వు. ఒక మనిషి తలలో ఇంత విషయం ఉండడం అచ్చాఫీసుకు మంచిది కాదు."

మారిక్కని కొంగు నడుముకు దోపుకుంది. "చీటీలుంటే గది నాది అన్నారు."

"అన్నాను. కాదన్నానా? ఈ ఏడాదికి నీదే." చీటీల కట్టకు రబ్బరు వేస్తూ, తల ఎత్తకుండా అన్నాడు. "వచ్చే ఏడాది సంగతి వచ్చే ఏడాది చూసుకుందాం."

గుమ్మం దగ్గర కదిరేశన్ పెదవులు కదిలాయి, నవ్వడానికో మరి దేనికో. బైండింగు కొట్టంలో రేకు నొక్కే చప్పుడు ఆగింది, ఆడవాళ్ళు వింటున్నారు.

"మేడమీద వచ్చే ఏడాది మొదలై ఇవాళ్టికి పదిహేడు రోజులు, ముదలాళీ," అంది మారిక్కని. "ఉంచుతారో దించుతారో ఇప్పుడే చెప్పండి."